మోరీ నోట్లో కూసున్న నంది

అమాస నాడు ఒక రాతి నంది ఆళ్లగడ్డ నుంచి తనంతట తానే లేచొచ్చి, బండల ఫ్యాక్టరీ మోరీ నోట్లో కూసున్న్యాదని చెప్పుకుంటారు. నడిచొచ్చిందని కొందరు, ఎగిరొచ్చిందని కొందరు, దేవరాజు మోపెడ్ మింద కట్టుకోని తెచ్చినాడని ఇంకొందరు. చూసినోడు మాత్రం ఒక్కడు గూడా లేడు.

దేవరాజంటే ఆ ఫ్యాక్టరీలో గుంతల మనిషి. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే దావలో ఉంటాది అది. ఆడ బండలకు పాలిష్ పడతారు. మిషన్ తిరిగినంత సేపూ బండ మింద నీళ్లు పడతానే ఉండాల. ఆ నీళ్లు రాతి పిండి కలిసి మజ్జిగ మాదిరి బయటికొస్తాయి. గుంత నుంచి గుంతకు పోతా పోతా పిండి అడుక్కు దిగి, తేటనీళ్లు మళ్లా మిషన్‌కే పోవాల. అడుగున దిగిన బురద ఎత్తిపోసేది దేవరాజు. అది మామూలు బురద గాదప్పా. పార దించితే పారను మింగి, ఇంకా ఏమన్నా ఉందా అని అడుగుతాది. ఎత్తీ ఎత్తీ ఆయప్ప నడుం కొడవలయింది. పండుకుంటే ఈపు మంచానికి ఆనదు. పెండ్లాం ప్రసన్న దినామూ ఆ నడుముకు నొప్పుల మందు రాసీ రాసీ, చేతులకు ఆ ఘాటు పట్టి, ఆమె ఎవురి పెండ్లికన్నా పోయి కూసుంటే పక్కనోళ్లకు జలుబు తగ్గిపోతాదంట.

ఫ్యాక్టరీ ఓనరు వెంకటేష్ సారుకు ఒకటే బాధ. గుంతలు తోడేటప్పుడు మిషన్ ఆపాల. మిషన్ ఆగితే ఆయనకు గుండె ఆగినట్ల. అందుకని గోడ కింద మోరీ తవ్విచ్చి, తెల్లనీళ్లు నేరుగా వంకలోకి వదిలేసినాడు. మిషన్‌కు బోరు నీళ్లే కొత్తగా తోడిచ్చినాడు. ఆ మోరీ ఎంత లావంటే, ఈ పక్క దూడ దూరితే ఆ పక్క ఎద్దయి బయటికొస్తాది.

"ఇంగ నీకు రెస్టే దేవరాజూ. గేటు కాడ కుర్చీ ఏసుకోని కూసో," అన్నాడు సారు.

దేవరాజు కూసున్న్యాడు. జీతం అదే, పార లేదు. నడుం కొంచెం కొంచెం నిక్కతా వచ్చింది. బుద్ధెరిగినాక మొదటి తూరి పగటి పూట కునుకు తీసినాడు.

ఆ కునుకు చెడగొట్టింది రామేశ్వరమ్మ. వంక పక్కనే ఆమె వంగతోట.

"ఏందిరా దేవరాజూ, కాపలానా, నిద్రా?"

"రెండూ పెద్దమ్మా."

ఆమె కొంగులోంచి ఒక తెల్ల పెచ్చు తీసి ఆయప్ప చేతిలో పెట్టింది. తోటలో మన్ను. రాతి పిండి పట్టి అప్పడం మాదిరి గట్టిపడింది.

"నీళ్లు కడితే పైనే నిలబడతాండాయి. చెట్టు ఏరుకు దిగతాండ్లే. దాని మింద నా బోరు గాలి కక్కతాంది. మీ సారు కింద నుంచి తాగతాండాడు, ఎంగిలి నా తోట మింద ఊస్తాండాడు. ఇట్లే ఉంటే తోట పీకేసేదే."

"సారుకు చెప్పు పెద్దమ్మా."

"చెప్పినా. వంకాయలకు సున్నం మంచిదే అన్నాడు."

"నాదేముంది, నేను గేటు మనిషిని."

"అవునులే. నడుం బాగయింది గదా నాయనా, సంతోషం," అని పోయింది.

తిట్టిపోయినా బాగుండు. దేవరాజు ఆ పెచ్చు జోబులో ఏసుకున్న్యాడు. మళ్లా ఆ కుర్చీలో కునుకు రాల్యా.

అమాస వచ్చింది. అమాసకు ఆళ్లగడ్డలో శిల్పులు ఉలి పట్టరు, ఫ్యాక్టరీలో మిషన్ ఆడదు. ఆళ్లగడ్డలో దేవరాజు బామ్మర్ది మహేష్‌కు శిల్పాల షెడ్డుంది. షెడ్డు ఎనకాల ముండ్లల్లో చెవి ఇరిగిన నంది ఒకటి పడి ఉండ్య. ఇరిగినదానికి పూజ లేదు, కొనేటోడు లేడు. అమాస పోయినాక చూస్తే ఆడ ముండ్లే ఉన్నాయి. నంది వంక తట్టు మోరీ నోట్లో ఉంది. మిషన్ ఆడగానే తెల్లనీళ్లు దానికి కొట్టుకోని, మోరీ పూడి, ఫ్యాక్టరీలోకే ఎనక్కు తన్నినాయి.

సారు గడ్డపార తెప్పిచ్చే లోపల రామేశ్వరమ్మ నందికి పసుపు కుంకం పెట్టి టెంకాయ గూడా కొట్టింది. "పొద్దుటికీ ఇప్పటికీ బెత్తెడు పెరిగిందే," అని ఊరంతా చెప్పింది. వంకలో ఆడోళ్లు తిరణాల మాదిరి చేరినారు.

సారు మహేష్‌ను పిలిపిచ్చినాడు. "ఇది నీ ఇరిగిన నందే గదా, తీసేయొచ్చు గదా?"

మహేష్ వంగి చూసినాడు. ఫ్యాక్టరీ పిండే చెవి మింద పట్టి, ఎండి, నున్నగా ఉంది. "ఇరిగింది యాడ సార్? నాకు కనపల్యా. కావాలంటే మీరే గీకి చూడండి."

సారు గుళ్లకు బండలు అమ్మే మనిషి. అంతమంది ఆడోళ్ల ముందర నందిని గీకే ధైర్యం ఆయనకు యాడిది. గడ్డపార ఎనక్కి పంపిచ్చి, గుంతలు తెరిపిచ్చినాడు.

తేటనీళ్లు మళ్లా మిషన్‌కు పోతాండాయి. రామేశ్వరమ్మ బోరు మెల్లగా నీళ్లు పోస్తాంది. ఆమె పెచ్చులు గీకి, ఎరువు తోలి, మళ్లా వంగనారు నాటింది. దేవరాజు మళ్లా గుంతలో దిగినాడు. నడుం మళ్లా కొడవలి.

నువ్వేనంట గదన్నా నందిని తెచ్చిందని ఎవురన్నా అడిగితే, పార గట్టుకు ఆనిచ్చి, నడుం పట్టుకోని, చానా సేపటికి గాని నిలబడలేడు.

"నా నడుం సూడప్పా. గేటు కాడ కుర్చీ ఉండ్య, నీడ ఉండ్య. అవి ఇడిసిపెట్టి ఈ బురద నేనే తెచ్చుకుంటానా? నేను ఆళ్లగడ్డకు పోల్యా, నందిని ఎత్తల్యా. అంతా అబద్ధం, పో."