తమ్ముడి పాటకి దించిన షట్టర్లు

మొన్న మా అమ్మాయి ఫోన్లో ఓ పాట పెట్టింది. గిటారు ఒక్కటే, వెనక రేకుల మీద వాన. గొంతు ఎత్తుకోగానే చేతిలో చిక్కుడుకాయలు కింద పెట్టేశాను. అది మా తమ్ముడి మొదటి పాట. ఆ వాన ఒడిశా రాయగడలో మా గోడౌన్ మీద పడిన వాన.

రెండువేల సంవత్సరం దాటిన తొలినాళ్ళు. నాన్నది చింతపండు, పసుపు హోల్‌సేల్ వ్యాపారం. తమ్ముడికి మాత్రం కాలు నిలిచేది కాదు. కొట్లో కూర్చోబెడితే వీధిలోకి, వీధిలోంచి స్టేషన్‌కి, అక్కణ్ణించి కొరాపుట్ రైలెక్కి సునాబెడ ఫ్యాక్టరీ క్వార్టర్లలో ఉన్న స్నేహితుడి దగ్గరికి. ఎమో అనే రాక్ సంగీతం అక్కడే అంటించుకొచ్చాడు. లోపలి బాధంతా గొంతు చించుకుని బయటపెట్టడమట. జుట్టు ఒక కన్ను మీదికి దించుకున్నాడు. "ఒంటి కంటితో కాటా ఏటి సూస్తావురా?" అనేవాడు నాన్న. జట్టు లేదు, డ్రమ్ములు లేవు. చింతపండు బస్తాల మధ్య కంప్యూటర్ మైకు పెట్టుకుని, ఒక్కడే పాడి రికార్డు చేసుకునేవాడు.

సునాబెడలో ఓ క్లబ్బువాళ్ళు వీణ్ణి పాడమని పిలిచారు. నాన్న సరేనంటే వెళ్ళడం, లేదంటే గిటారు అటకెక్కడం. ఆయన ఇంకా ఏ సంగతీ తేల్చలేదు. నానమ్మ మంచంలో ఉందని బజారంతటికీ తెలుసు. ఓ మధ్యాహ్నం వీడు గోడౌన్లో "ఈ ఊరు నన్ను నిలవనీదు, పోనీదు" అని అరిచేసరికి, ఎదురు కొట్టాయన తన షట్టరు సగం దించేశాడు. మా బజార్లో వ్యాపారస్తుల ఇంట చావైతే అదే మర్యాద. ఆయన్ని చూసి పక్కాయన, పక్కాయన్ని చూసి వీధి వీధంతా. పెద్దలు తువ్వాళ్ళు భుజాన వేసుకొచ్చి నాన్న చేతులు పట్టుకున్నారు. నాన్న కూడా నమ్మేసి, "అమ్మా!" అంటూ కొట్టు వెనకే ఉన్న ఇంట్లోకి పరిగెత్తాడు. నానమ్మ పాలలో నానేసిన అటుకులు తింటోంది.

నాన్న తిన్నగా వెళ్ళి గిటారు లాక్కున్నాడు. "సావేడుపు ఏడ్సి పాటంతావేట్రా?" నానమ్మ వీణ్ణి పిలిపించి మంచం మీద కూర్చోబెట్టుకుని మళ్ళీ పాడమంది. గిటారు లేకుండానే పాడాడు, అదే గొంతుతో.

"నీకింత బాధెక్కడిదిరా? మూడుపూటలా తింతన్నావు గదా" అంది.

"తెల్దు నానమ్మా. ఒకసోట ఉండలేకపోతన్నాను."

ఆవిడ నాన్నవైపు తిరిగింది. "నువ్వూ ఈ వయసులో ఇలాగే ఉండీవోడివి. పాడనేదు, అంతే. ఎల్లనీ ఆడ్ని."

నాన్న గిటారు వాడి ఒళ్ళో పెట్టి కొట్లోకి వెళ్ళిపోయాడు.

క్లబ్బుకి వెళ్ళే రోజు తమ్ముణ్ణి ఆయనే స్టేషన్లో దిగబెట్టాడు. నేనూ వెళ్ళాను. రైలు వెళ్ళిపోయాక కూడా నాన్న ప్లాట్‌ఫాం ఆ చివరికీ ఈ చివరికీ తిరుగుతూనే ఉన్నాడు. నాకు తమ్ముడి మీద బెంగ పోయి నాన్న మీద జాలేసింది. కొందరి పడుచుదనాన్ని కాలం వాళ్ళ లోపలే తిప్పుతూ ఉంటుంది, పిల్లలు గొంతెత్తేదాకా.