అత్తమ్మ వక్కల సంచి

పెట్టె మూత తీయగానే లవంగాల ఘాటు, పాత కాచు వాసన కలిసి ముక్కుకు తగిలాయి. ఇన్నేళ్ళయినా మా అత్తమ్మ వక్కల సంచి వాసన పోలేదు. ఎర్రగుడ్డతో కుట్టిన రెండు అరల సంచి. మూతికి నాడా, అడుగున రెండు మూలలకూ కుచ్చులు. దాన్ని చూస్తే నాకు గుర్తొచ్చేది మాత్రం అత్తమ్మ కాదు, నర్సు సలోమమ్మ.

నైజాం రాజ్యం పోయిన కొత్తలో, ఆత్మకూరులో నేను తొలిచూలు మోస్తూ ఆకలితో నకనకలాడేదాన్ని. అత్తమ్మ చెడ్డది కాదు, నా మీద ప్రాణం పెట్టేది. కాకపోతే ఆడదాని లోపల ఉన్నది ఒక్కటే సంచి అని ఆమె నమ్మకం. తిన్న అన్నం వెళ్ళి బిడ్డ నెత్తిన పడుతుందట. "నువ్వు నిండ తింటె పోరడు యాడ పండాలె?" అంటూ ఇంత జొన్నగట్క పెట్టి కంచం లాగేసేది. దొంగతనంగా చింతచిగురు నములుతూ దొరికిపోతే, బిడ్డ మీద చెట్టు మొలుస్తుందని తిట్టింది. చివరికి బావి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయాను. మా ఆయన సూర్యాపేట వెళ్ళి, దవాఖాన నుంచి సలోమమ్మను బండిలో తీసుకొచ్చాడు.

ఆమెది కోదాడ. గొంతు పెద్దది, నవ్వు అంతకంటే పెద్దది. నా కనురెప్పలు లాగి చూసి నవ్వడం మానేసింది. "పిల్లకు రక్తం లేదు పెద్దమ్మా. ఇట్లాగే ఉంటే కాన్పులో తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు" అంది.

అత్తమ్మ ముఖం పాలిపోయింది. పట్టు మాత్రం వదల్లేదు. "మస్తుగ పెడితె బిడ్డకు ఊపిరాడదు గద నర్సమ్మా!"

సలోమమ్మ గర్భసంచి పటం విప్పింది. మామయ్య ఎడ్లకు నీళ్ళు పెట్టాలంటూ బయటికి జారుకున్నాడు. అత్తమ్మ కొంగు అడ్డం పెట్టుకుని, ఆ కొంగు చాటునుంచే చూసి, "ఇదేంది, మేక తలకాయ లెక్కున్నది!" అంది. సలోమమ్మ పటం చుట్టేసి, అత్తమ్మ నడుముకు దోపుకున్న వక్కల సంచికేసి చూసింది.

"పెద్దమ్మా, నీ సంచి ఒకసారి ఇయ్యి."

"వక్కలేస్తవా?"

"చెప్తాగా. ఈ అరలో ఆకులు కుక్కితే, ఆ అరలోని వక్కల మీద పడతాయా?"

"ఎట్ల పడ్తయి? నడుమ గుడ్డ లేదా!"

"ఆడదానికీ అంతే. అన్నం సంచి వేరు, గర్భసంచి వేరు. బిడ్డకు కూడు బొడ్డుతాడులోంచి, తల్లి రక్తంలోంచి పోతుంది. తల్లికే లేకపోతే బిడ్డకేం పోతుంది?"

సంచిని తలకిందులు చేసి పట్టుకుంది. కుచ్చులు రెండూ అండాల గూళ్ళట; నెలకో గుడ్డు గొట్టంలోంచి సంచిలోకి వస్తుందట. బిడ్డ నిలవకపోతే లోపల పరుచుకున్న మెత్త కరిగిపోతుందట, ముట్టు అంటే అదేనట. "మూతి బిగిసి ఉన్నన్నాళ్ళూ బిడ్డ లోపలే ఉంటుంది. నెలలు నిండాక..." అని నాడా వదిలింది. వక్కలన్నీ వాకిలంతా దొర్లాయి.

"కాన్పయింది పెద్దమ్మా!"

"నీ కాన్పు పాడుగాను, నా వక్కలు!"

నవ్వితే ఉన్న గట్క కూడా పోతుందని పెదవి కొరుక్కున్నాను. అత్తమ్మ వక్కలు ఏరి, రెండు అరలూ నింపి, ఒత్తి ఒత్తి చూసింది. "గీ అర ఉబ్బితె గా అర ఇరుకైతది గద?"

నా ప్రాణం ఉసూరుమంది. నర్సమ్మ కసురుకుంటే అత్తమ్మ మరింత మొండికేస్తుందని నాకు తెలుసు.

సలోమమ్మ సంచి తీసుకుని తానూ ఒత్తి చూసింది. "నిజమే పెద్దమ్మా. నెలలు నిండేకొద్దీ అన్నం సంచి ఇరుకవుతుంది. అందుకే ఒక్కసారే కాదు, కొంచెం కొంచెం, మాటిమాటికి పెట్టాలి."

తన మాటే నెగ్గిందని అత్తమ్మ మురిసిపోయింది. మర్నాటి నుంచి నన్ను నిద్రలేపి మరీ తినిపించేది. "అర ఖాళీ అయిందా?" అంటూ గిన్నె పట్టుకుని దొడ్డిదాకా వెంటపడేది. గుడ్లు, పప్పు, మునగాకు. నా బిడ్డ ఊరంతా వినబడేలా ఏడుస్తూ పుట్టింది. అత్తమ్మ నడుము నుంచి సంచి తీసి సలోమమ్మ చేతిలో పెట్టింది. "ఎవలన్న కోడలి కంచం గుంజితె ఇది సూపెట్టు."

తరువాత నేనూ సలోమమ్మ దగ్గరే పని నేర్చుకున్నాను. మిర్యాలగూడ బదిలీ అయి వెళ్తూ ఆమె ఆ సంచిని నాకిచ్చింది. దాన్ని పట్టుకుని ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎందరు అత్తలతో వాదించానో! ఎదుటివాళ్ళ మాటలో నిజమైన ముక్క ఉందేమోనని ఇప్పటికీ ముందు వెతుకుతాను. ఉంటే పైకే ఒప్పుకుంటాను. సలోమమ్మకు ఎంతో తెలుసు, కానీ ఆ రోజు నాకు అన్నం పెట్టింది ఆమె అన్న ఆ ఒక్క "నిజమే".