అమృతరాజు సోదా

కోలారు బంగారు గనులు నడిచిన రోజుల్లో మారికుప్పంలో అమృతరాజు పని ఒక్కటే. షిఫ్టు ముగించుకుని పైకి వచ్చిన ప్రతి మనిషినీ గేటు దగ్గర ఆపి సోదా చేయడం. పాతాళమంత లోతులో రాతి దుమ్ము మింగి వచ్చినవాళ్ళను చేతులు పైకెత్తమనేవాడు. చంకలు, నడుము, మొలతాడు, చెప్పులు, బీడీల కట్ట, చివరికి నాలుక కింద కూడా చూసేవాడు.

ఒకసారి బచ్చప్ప అనే పనివాడి టిఫిన్ డబ్బాలో సగం సంగటి ముద్ద మిగిలి ఉంది. ఆకలితో పైకి వచ్చేవాడు సంగటి మిగుల్చుకుంటాడా అని అమృతరాజుకు అనుమానం పుట్టింది. ముద్ద చిదిపితే లోపల బంగారపు చార ఉన్న రాయి దొరికింది. బచ్చప్ప ఉద్యోగం పోయింది. ఆ క్రిస్మస్‌కు అమృతరాజు భార్య ఫిలోమినా గనివాళ్ళ లైనులోని ఇళ్ళకు పంపిన కల్‌కల్ మిఠాయిలు పళ్ళేలతో సహా వెనక్కి వచ్చాయి. పైగా, దొరికిందంతా కంపెనీకే ఇస్తున్నాడా, ఇంట్లో కొంత దాచుకుంటున్నాడా అని లైనులో గుసగుసలు. ఊరిని అమృతరాజు అనుమానించాడు, అమృతరాజును ఊరు అనుమానించింది.

2001లో గనులు మూతపడ్డాయి. సోదా చేయడానికి మనుషులు లేరు, దాచడానికి బంగారమూ లేదు. తరవాత కొన్నేళ్ళు రైల్లో బెంగళూరు పోయి ఒక బట్టల కంపెనీ గేటు కాశాడు. మోకాళ్ళు మొరాయించాక అదీ మానేశాడు. అనుమానం మాత్రం ఆయనను మానలేదు. పాలలో నీళ్ళు, గ్యాసు బండకు సీలు, చేపలమ్మే ఆవిడ తక్కెడ, కొత్తగా వచ్చిన ఫాదర్ గారు పూజలో చెప్పే ప్రసంగం, ఏదీ ఒక పట్టాన నమ్మేవాడు కాదు. కూతురు ప్రిన్సీ బడినుంచి రాగానే సంచి దులిపి చూసేవాడు. పిల్ల మంచికోసమే అనుకునేవాడు. ఆ పిల్ల మాత్రం మార్కులు తగ్గినా, పెన్సిల్ పోయినా తల్లి చెవిలో చెప్పడం నేర్చుకుంది.

ప్రిన్సీ పెద్దదై బెంగళూరులో ఒక పళ్ళ డాక్టరు దగ్గర పనికి కుదిరింది. అక్కడే హాస్టల్లో ఉంటోంది. ఒక బుధవారం ఫోన్ చేసింది.

"నాయనా, ఈ ఆదివారం పూజ అయినాక బెంగళూరికి రా. హోటల్లో భోంచేద్దాము."

"ఏమిటికి?"

"సుమ్నే, ఊరికే."

"సుమ్నే ఎవురు పిలుస్తారు?"

"కూతురు పిలుస్తుంది నాయనా," అని నవ్వి పెట్టేసింది.

ఆ నవ్వు అమృతరాజుకు నచ్చలేదు. శనివారం ఫిలోమినా ఆయన తెల్లచొక్కాను అడగకుండానే ఇస్త్రీ చేస్తుంటే అస్సలు నచ్చలేదు.

"నువ్వు రావా?" అని అడిగాడు.

"జపాన్ హోటలంట. పచ్చి చేపంట. నాకొద్దప్పా. నువ్వు పొయ్యి తినేసి రా."

"జపాన్ హోటలని నాకు చెప్పలేదే? నీకెట్ల తెలుసు?"

ఫిలోమినాకు ఉన్నట్టుండి చొక్కా కాలరులో చాలా ముడతలు కనబడ్డాయి. తల వంచుకుని దాన్నే రుద్దుతూ కూర్చుంది.

ఆదివారం రైల్లో కిటికీ పక్కన కూర్చుని అమృతరాజు దారి పొడుగునా లెక్కలు వేశాడు. ఉద్యోగం పోయిందా? ఎవరితోనైనా గొడవైందా? బంగారపేట దాటేసరికి మూడో అనుమానం వచ్చింది. వైట్‌ఫీల్డ్ వచ్చేసరికి అదే ఖాయమైంది. ఎవడో ఉన్నాడు.

ఉన్నాడు. ఇందిరానగర్‌లో ఒక మేడ కింద, అద్దాల తలుపు వెనక చిన్న హోటలు. ప్రిన్సీ వెంట లోపలికి అడుగుపెట్టగానే బల్ల దగ్గర నుంచి ఒక యువకుడు లేచి నిలబడ్డాడు.

"నమస్తే సార్."

"మోహన్‌కుమార్ నాయనా," అంది ప్రిన్సీ. "వాళ్ళది సుగటూరు. పట్టుపురుగులు, ఆవులు ఉండాయి. మా క్లినిక్‌కు కుర్చీలు రిపేరు చేసేకి వస్తాడు."

"కుర్చీలు రిపేరు చేసేటోనికి ఈడ ఏం పని? ఈ కుర్చీలు బాగానే ఉండాయే."

"నాయనా!"

అమృతరాజు కూర్చున్నాడు. ఎదురుగా ఉన్నవాణ్ణి తల నుంచి కాలి దాకా ఒకసారి చూశాడు. చొక్కా వదులుగా ఉంది, ప్యాంటు మీదికి వేలాడుతోంది. గేటు దగ్గర వదులు చొక్కాల వాళ్ళను ఆయన రెండుసార్లు తడిమేవాడు.

బల్లల పక్కగా ఒక సన్నటి పట్టా తనంతట తానే కదులుతోంది. దానిమీద చిన్న చిన్న పళ్ళేలు, వాటిమీద గాజులాంటి మూతలు. నచ్చింది తీసుకుని తినడమే. అద్దం అవతల తలకు గుడ్డ కట్టుకున్న కుర్రవాళ్ళు అన్నం ముద్దలు చేసి, పైన చేప ముక్కలు పరిచి పట్టా మీద పెడుతున్నారు. కొందరు పళ్ళెం మూత ఎత్తి చూసి మళ్ళీ వదిలేస్తున్నారు. ఒక పళ్ళెం మూడుసార్లు తిరిగి వచ్చింది.

"దాన్ని ఎవురూ ఎత్తుకోలేదు. అందులో ఏమో ఉండాది," అన్నాడు అమృతరాజు.

"ఏమీ లేదు నాయనా, అది ఆక్టోపస్."

"చూసినావా, నేను చెప్పలేదా?"

ప్రిన్సీ ఆయన ముందర ఒక పళ్ళెం పెట్టింది. అన్నాన్ని నల్లటి సముద్రపు నాచులో చుట్టి గుండ్రంగా కోసిన ముక్కలు. అమృతరాజు తినడానికిచ్చిన పుల్లలు పక్కన పెట్టి, వేళ్ళతో ఒక ముక్క విప్పాడు. నాచు ఒకవైపు, అన్నం ఒకవైపు తీసి నడుమ ఉన్నదాన్ని వెలుతురుకు ఎత్తి చూశాడు.

"దోసకాయే," అన్నాడు కొంచెం నిరాశగా.

అన్నం పులిసినట్టుందన్నాడు. వెనిగర్ కలుపుతారని ప్రిన్సీ చెప్పింది. పాచిపోయిన వాసన తెలియకుండా ఉండటానికే కలిపి ఉంటారని ఆయనకు తోచింది. పళ్ళెం అంచున పచ్చటి ముద్ద ఒకటి ఉంటే వాసన చూశాడు. ముక్కు చుర్రుమంది. దాన్ని వేలితో దూరం నెట్టాడు. ఎదురుగా మోహన్‌కుమార్ కంగారులో చూసుకోకుండా అదే ముద్దను నోట్లో వేసుకున్నాడు. కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. తుడుచుకుంటూ పక్కకు చూశాడు. తప్పు చేసినవాడు ఇట్లాగే పక్కకు చూస్తాడు అనుకున్నాడు అమృతరాజు.

ప్రిన్సీ మాత్రం ఆనందంగా తింటోంది. నారింజరంగు చేప ముక్కలున్న పళ్ళేలు రాగానే రెండు తీసి, ఒకటి మోహన్‌కుమార్ ముందర పెట్టింది.

"ఈయప్పకు ఇది ప్రాణం నాయనా. ఎప్పుడొచ్చినా ఇదే."

మోహన్‌కుమార్ నవ్వాడు. ప్రిన్సీ పట్టా వైపు తిరిగింది. మళ్ళీ ఇటు తిరిగేసరికి పళ్ళెం ఖాళీ. అతను నములుతున్నాడు. అమృతరాజు కన్ను ఆ గొంతు మీద నిలిచింది. దవడ కదులుతోంది. గొంతు కదలడం లేదు. ఎడమ చెయ్యి బల్ల కింద ఉంది.

తరవాత అమృతరాజు పళ్ళేల వంక చూడనే లేదు. ఆ ఎడమ చెయ్యి ఎప్పుడు కిందికి పోతుందో, ఎప్పుడు పైకి వస్తుందో అదే చూశాడు. బల్ల మీద చిన్న పింగాణీ గిన్నెలున్నాయి, ముద్దుగా ఉన్నాయి. రేపు నా బిడ్డను కట్టుకునేవాడు హోటల్లో గిన్నెలు కాజేసే రకమా? ఒళ్ళు వేడెక్కింది. అయినా మనిషి గేటు దాటబోయే దాకా ఆగాలి, అప్పుడే పట్టుకోవాలి.

తినడం అయింది. ప్రిన్సీ కౌంటరు దగ్గరికి పోయింది. ఇద్దరు మగవాళ్ళూ తలుపు దగ్గరికి వచ్చారు.

"ఏమప్పా, కొంచెం నిలబడు," అన్నాడు అమృతరాజు. "చేతులు పైకెత్తు."

"సార్?"

"ఎత్తమంటిని."

ఆ గొంతుకు మోహన్‌కుమార్ చేతులు వాటంతట అవే లేచాయి. ట్రే పట్టుకున్న అమ్మాయి ఉన్నచోటే ఆగిపోయింది. అమృతరాజు చేతులు చంకల కింద నుంచి నడుము దాకా జారాయి. ఎడమ జేబులో మెత్తగా, తడిగా ఏదో తగిలింది. బయటికి తీసి విప్పాడు. కాగితపు రుమాలులో చుట్టిన చేప ముక్కలు, వాటికి అతుక్కున్న నాలుగు మెతుకులు.

అమృతరాజు చేప వంకా, మనిషి వంకా మార్చి మార్చి చూశాడు.

"ఇదేందప్పా?"

మోహన్‌కుమార్ చేతులు దించకుండానే గొంతు తగ్గించాడు. "పచ్చిది నాకు పోదు సార్. నోట్లో పెట్టుకుంటే కడుపులో తిప్పుతుంది. మొదటిసారి వచ్చినప్పుడు ఎట్లుండాది అని ప్రిన్సీ అడిగింది. బాగుండాది అన్యాను. అప్పట్నించి ఈడికే పిల్చుకొస్తుంది."

"ఎప్పట్నించి?"

"పోయిన దసరా నుంచి."

"ఇన్ని నాళ్ళు జేబులోనే వేసుకుంటా ఉండావా?" అమృతరాజుకు నవ్వు రాలేదు. "చేపను దాచినోడివి, ఇంగేమేమి దాచినావు?"

మోహన్‌కుమార్ తల దించాడు. "మా నాయనకు ఇంగా చెప్పలేదు సార్. మీరు చర్చి వాళ్ళు అంటే ఏమంటాడో అని. అమ్మకు చెప్పినా. మా అమ్మా, మీ ఇంట్లో అమ్మా మాట్లాడుకున్యారు కద, వాళ్ళే..." అని నాలుక కరుచుకున్నాడు.

"ఎవురు? మా ఫిలోమినానా?"

ఇస్త్రీ చొక్కా, నవ్వు, జపాన్ హోటలు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తెలియనివాళ్ళు ఇద్దరే. సుగటూరులో ఆ తండ్రి, ఇక్కడ తాను. కోపం వస్తుందని అనుకున్నాడు. రాలేదు.

అంతలో ప్రిన్సీ చెప్పుల చప్పుడు. ఇరవై ఏళ్ళకు పైగా దొరికిన ప్రతిదాన్నీ పైవాళ్ళ ముందు పెట్టిన మనిషి, ఆ పొట్లాన్ని గబుక్కున తన జేబులో కుక్కుకున్నాడు.

"నాయనా! ఈయప్ప ఏమిటికి చేతులెత్తినాడు?"

"కొలత చూసినా," అన్నాడు అమృతరాజు. "కొత్త చొక్కా కుట్టించల్ల కద. ఇదేమి చొక్కా, గోనెసంచి మాదిరి."

ప్రిన్సీ తండ్రి ముఖం చూసింది, మోహన్‌కుమార్ ముఖం చూసింది. ఏదీ నమ్మినట్టు లేదు. తన కూతురే అనుకున్నాడు అమృతరాజు. ఆమె కౌంటరు దగ్గర మరచిపోయిన గొడుగు కోసం వెనక్కి పోగానే మోహన్‌కుమార్ చెవి దగ్గరికి వంగాడు.

"ప్రిన్సీకి నేను చెప్పను. నువ్వే చెప్పల్ల. జల్దీ చెప్పు."

సాయంత్రం రైల్లో కిక్కిరిసిన జనం. పక్కవాళ్ళు ముక్కులు మూసుకుని దూరం జరుగుతుంటే జేబులో పొట్లం మరచిపోయిన ఆయనకు ఎందుకో అర్థం కాలేదు. ఇల్లు చేరి చొక్కా విప్పి కొక్కానికి తగిలించాడు. ఫిలోమినా వాసన పట్టి జేబులో చెయ్యి పెట్టింది.

"ఏమిది?"

"నాకు పోలేదు. జేబులో వేసుకున్యా," అన్నాడు అమృతరాజు, గోడ వైపు చూస్తూ.

"ఇది ఆ పిల్లోనిది కద."

"నీకెట్ల తెలుసు?"

"పోయిన నెల బంగారపేటలో కలిసినప్పుడు చెప్పినాడు. ప్రిన్సీకి చెప్పద్దమ్మా, బాధపడుతుంది అన్యాడు."

"నాకేమిటికి చెప్పలేదు? మీరందరూ కలిసి..." ఆయన గొంతు లేచింది.

ఫిలోమినా పొట్లాన్ని వాకిట్లో పిల్లికి వేసి, చేతులు కడుక్కుని వచ్చింది. "చెప్పింటే నువ్వు ఊరుకుండేవాడివా? పిల్లోన్ని నిలబెట్టి చేతులు పైకెత్తించింటావు."

అమృతరాజు ఆ పూట అన్నం వాసన చూడకుండానే తిన్నాడు. ఫిలోమినా అది గమనించి ఇంకో గరిటె వడ్డించింది.

మోహన్‌కుమార్ వారం తిరక్కముందే ప్రిన్సీకి చెప్పేశాడు. ఆమె చాలారోజులు అతనితో మాట్లాడలేదు. చేప సంగతి సరే, ఇన్ని నెలలు తన ఎదుట కూర్చుని అబద్ధం నమలడం ఏమిటని ఆమె బాధ. ఒక మధ్యాహ్నం తండ్రికి ఫోన్ చేసింది. అమ్మకు కాదు, నేరుగా తండ్రికే.

"నువ్వు చెప్పు నాయనా. ఆ మనిషిని నమ్మొచ్చునా?"

అమృతరాజు ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు. "నమ్మేకి నాకు తెలీదమ్మా. నాకు వచ్చింది వెతకడమే. వెతికినా. చేప తప్ప ఏమీ దొరకలేదు."

అవతల నవ్వు వినబడింది, ఏడుపూ వినబడింది.

సుగటూరులో మోహన్‌కుమార్ తండ్రి చిక్కవెంకటప్ప సంగతి తెలిసి ససేమిరా అన్నాడు. అమృతరాజు ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి పోయాడు. చిక్కవెంకటప్ప వసారాలో పట్టుపురుగులకు మల్బరీ ఆకు తరుగుతున్నాడు. తల ఎత్తలేదు. భార్య పిల్లమ్మ కాఫీ తెచ్చింది. అమృతరాజు అలవాటుగా లోటా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"విషం కలపలేదులే," అన్నాడు చిక్కవెంకటప్ప ముభావంగా.

"కలిపినా మనకు చెప్పరన్నా," అన్నాడు అమృతరాజు. "నీ ఇంట్లో, నా ఇంట్లో, అందరికీ ముందే తెలుసు. వీళ్ళు బంగారపేటలో కూర్చోని బోండాలు తినుకుంటా అన్నీ మాట్లాడుకున్యారు. తెలియనోళ్ళం మనమిద్దరమే."

చిక్కవెంకటప్ప కత్తి ఆగింది. తలుపు వారగా నిలబడిన పిల్లమ్మ వైపు తిరిగాడు.

"బంగారపేటకా? చెవి నొప్పి, డాక్టరు దగ్గరికి పోతా అంటివే?"

పిల్లమ్మ లోపలికి తప్పుకుంది. చిక్కవెంకటప్ప గోనెపట్టా కొంచెం జరిపి, అమృతరాజు చేతికి ఇంకొక కత్తి ఇచ్చాడు. ఇద్దరూ ఆకు తరుగుతూ, తమ ఇళ్ళలో ఇంకా ఏమేమి దాచి ఉంటారో ఒకరికొకరు చెప్పుకున్నారు. పొద్దు వాలే వేళకు చిక్కవెంకటప్ప, "గుడీ వద్దు, చర్చీ వద్దు, రిజిస్టర్ ఆఫీసులో చేసేద్దాము," అన్నాడు. "కానీ తారీకు మనమిద్దరమే పెట్టల్ల. వాళ్ళకు ముందు రోజు చెప్తే చాలు."