ఎర్ర గింజలు మనకు తెలియవా

ఆ వీడియో జనాన్ని మోసం చేసిందని అంటారు. సేద్యం తెలియని పట్నం మనిషెవడో పక్క మిద్దె మీద నిలబడి తీశాడట. చూసినదాన్ని తప్పుగా అర్థం చేసుకున్నాడట. అమాయకులైన జనం నమ్మేశారట. సోషల్ మీడియా చెడ్డదట, అంతేనట. మా చెల్లెలి సంగతి ఎత్తితే చాలు, పెళ్లిళ్లలో, బస్సుల్లో, నా డీటీపీ సెంటరుకు కార్డులు అచ్చు వేయించుకోవడానికి వచ్చేవాళ్ల నోట ఈ కథే వింటున్నాను. వినడానికి బాగుంటుంది. అందులో ఎవరి తప్పూ ఉండదు.

నేను ఒప్పుకోను. మా జిల్లాలో ఆ వీడియో ఎవరినీ మోసం చేయలేదు. చూసిన ప్రతి ఒక్కరికీ అదేమిటో తెలుసు. తెలిసే పంపారు.

అందులో ఏముందో ముందు చెబుతాను. నేల మీద నీలం పట్ట పరిచి ఉంది. పట్ట నిండా వేరుశనగ గింజలు. గ్లవుజులు తొడుక్కున్న రెండు చేతులు గింజల మీద ఎర్రటి మందు చల్లి, పొట్టు ఊడకుండా మెల్లగా అటూ ఇటూ దొర్లిస్తున్నాయి. గింజలు ఎర్రబారుతున్నాయి. మొహం కనిపించదు, మాట వినిపించదు. అర నిమిషం కూడా లేదు. దాని పైన ఎవరో రాశారు: “అనంతపురంలో ఘోరం. వేరుశనగ గింజలకు రంగు వేసి ఎలా అమ్ముతున్నారో చూడండి. మీ పిల్లలకు చిక్కీ కొనిచ్చే ముందు ఆలోచించండి. అందరికీ షేర్ చేయండి.”

అది విత్తనశుద్ధి. ముంగారు వాన, అదే తొలకరి, పడి నేల పదునైతే, విత్తే ముందు మా వైపు ప్రతి రైతు ఇంట్లో జరిగే పని. విత్తనం మట్టిలో కుళ్లకుండా, పురుగు తినకుండా మందు పట్టిస్తారు. ఆ మందుకు రంగు ఎందుకుంటుందంటే, ఇవి తినే గింజలు కావని చూడగానే తెలియడానికి. ఆ ఎరుపే ఒక హెచ్చరిక. హెచ్చరికను పట్టుకుని కల్తీ అన్నారు.

మాది ముదిగుబ్బ దగ్గర పల్లె. చిన్నప్పుడు ఈ పని మా ముగ్గురు పిల్లలది. నాయన దున్నే మడకా, విత్తే గొర్రూ సర్దుకుంటుంటే, మా అన్న పెద్దమనిషిలా కూర్చుని నాకూ చెల్లెలికీ నేర్పేవాడు. నీళ్లు ఎంత చిలకరించాలి, ఎంత మెల్లగా దొర్లించాలి, నీడలో ఎంతసేపు ఆరబెట్టాలి. అప్పుడు గ్లవుజులు ఎక్కడివి. విత్తనాల వారంలో బడికి పోతే క్లాసులో అందరి అరచేతులూ ఎర్రగానే ఉండేవి. అన్న దగ్గర ఒక నియమం ఉండేది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కోకుండా దేన్నీ ముట్టుకోకూడదు. బెల్లం డబ్బాను గానీ, పుస్తకాన్ని గానీ, కనీసం దొడ్లో గొర్రెపిల్లను గానీ. ఒకసారి చెల్లెలు ఎర్రచేతులతో నీళ్ల బిందెలో చెంబు ముంచిందని ఆ బిందెడు నీళ్లూ పారబోయించాడు. ఎండాకాలం ఇంకా పోని మా ఊళ్లో బిందెడు నీళ్లు పారబోయడమంటే ఏమిటో మీకు చెప్పనక్కరలేదు.

ఆ చెల్లెలే ఇప్పుడు బుక్కరాయసముద్రంలో ఉంటోంది. మొగుడిది కొంచెం సేద్యం. తాను ఇంటి ముందు గదిలో నలుగురు ఆడవాళ్లను పెట్టుకుని శనక్కాయ ఉండలూ చిక్కీలూ చేస్తుంది. టౌనులో రెండు మూడు అంగళ్లకూ, ఒక ప్రైవేటు బడికీ ఇచ్చేది. వెనక పెరట్లో, ఏడాదికి ఒక్క రోజు, సొంత చేనుకు విత్తనశుద్ధి చేస్తుంది. వీడియో తీసింది పోయినేడు ఆ ఒక్క రోజునే, తెల్లవారగానే.

ఆ ఉదయం మా ఇంటి గ్రూపులో ఆ వీడియోను మొదట పెట్టింది మా అన్న. పైన “జాగ్రత్త” అని రాసి, దండం పెట్టే చేతుల బొమ్మ కూడా పెట్టాడు. నేను సెంటర్లో పెళ్లి కార్డు ప్రూఫు చూస్తూ ఫోను తెరిచాను. చూడగానే తెలిసింది. విత్తనాలకు మందు కలుపుతుంటే కల్తీ అంటారేమిటి అని నవ్వుకున్నాను. ఫోను పక్కన పెట్టేశాను. ఇది తప్పు అని ఒక్క వాక్యం రాయలేదు. ఎక్కడ చిన్న అబద్ధం కనిపించినా వాదనకు దిగుతానని పేరున్నదాన్ని, ఆ పూట నోరు మూసుకున్నాను. ఆ పెరడు చెల్లెలిదని నేనూ గుర్తుపట్టలేదు. గుర్తుపట్టి ఉంటే అరిచి ఉండేదాన్ని. ఎవరిదో అనుకున్నాను కాబట్టి ఊరుకున్నాను. ఇది నా లెక్కలో ఉంది, దాచుకోను.

మధ్యాహ్నానికి వీడియో కింద ఎవరో పట్టేశారు. మూలలో కనిపించే డ్రమ్మునూ గోడనూ చూసి, “ఇది బుక్కరాయసముద్రంలో ఉండలు చేసే ఆమె ఇల్లు కదా” అని రాశారు. సాయంత్రానికి గేటు ముందు ఫోన్లు పైకెత్తిన జనం. చెల్లెలు లోపలినుంచి నాకు ఫోన్ చేసి ఒకే మాట అంది. “అక్కా, వీళ్లంతా మనోళ్లే. పోయిన వారం నన్ను మందు యాడ దొరుకుతాదని అడిగినామె కూడా ఉండాది.”

మరుసటి రోజు పేపర్లో వచ్చింది. ‘నెట్టింట కల్తీ కలకలం’ అని శీర్షిక. నేను ఒక పత్రిక జిల్లా డెస్కులో పదమూడేళ్లు సబ్ ఎడిటర్‌గా చేశాను. పేజీలు తగ్గించి డెస్కులు కలిపేసినప్పుడు బయటికి వచ్చాను. మా రోజుల్లో మేమేమీ సత్యసంధులం కాదు, యాడ్లు ఇచ్చినవాడి వార్త ఎంత మెత్తగా దిద్దేవాళ్లమో నాకు తెలుసు. కానీ ఒక పద్ధతి ఉండేది. ఎవరి మీద ఆరోపణ రాసినా చివర ‘వివరణ’ అని ఆ మనిషి మాట ఉండాలి. లేకపోతే ఆ వార్తను విలేకరికి తిప్పి కొట్టేదాన్ని. ఈ వార్త రాసిన విలేకరి కూడా అప్పట్లో నా చేతిలో తిట్లు తిన్నవాడే. ఇప్పుడు పేపరుకు రాస్తూనే, పక్కన సొంత యూట్యూబ్ చానల్ కూడా నడుపుతున్నాడు. ఫోన్ చేశాను.

“ఏమప్పా, ఆ గింజలేందో నీకు తెల్దా?”

“తెలుసక్కా. మా నాయన ఇప్పటికీ రాప్తాడు కాడ సేద్యమే చేస్తాండాడు.”

“మరి ఎట్ల రాసినావు?”

“నేను కల్తీ జరిగిందని రాయలేదక్కా. జరిగిందని వీడియో తిరుగుతాండాదని రాసినా. తిరుగుతాండేది నిజమే కదా.”

“మా చెల్లెలి వివరణ యాడ?”

“టైము యాడుండాది అక్కా? నేను పెట్టకుంటే పక్క మండలమోడు పెడతాడు. ఎంతమంది చూసినారని అడిగేటోళ్లే గానీ వివరణ ఉండాదా అని అడిగేటోళ్లు ఇప్పుడు పైన ఎవరుండారు? నీ మాదిరి నోరున్నోళ్లు డెస్కులో ఉన్నన్నాళ్లు భయముండె.”

“ఇది పొగడ్తా, తిట్టా?”

“రెండూ అక్కా.”

వాడికి సిగ్గు లేదని చెప్పలేను. గొంతులో ఉంది. కానీ ఆ సిగ్గు అచ్చులోకి రాలేదు.

బడివాళ్లు ఉండలు వద్దన్నారు. హెడ్మాస్టరు దగ్గరికి నేనే పోయాను. “నాకు తెలుసమ్మా, మాదీ సేద్యపు ఇల్లే. పిల్లోళ్ల తల్లిదండ్రులు ఊరుకోరు” అన్నాడు. ఆ తల్లుల్లో ఒకామె నా సెంటరుకు వస్తుంది. ఆమెను అడిగాను. “నాకు తెలుసక్కా, మిగతావాళ్లు ఒప్పుకోరు” అంది. ఆ మిగతావాళ్లలో ఇద్దరిని పట్టుకుని అడిగాను. వాళ్లకూ తెలుసు. ఒప్పుకోనివాళ్లు ఎక్కడో వేరే ఉన్నారట. నేను అంతా వెతికాను. ఆ ఒప్పుకోనివాళ్లు నాకు ఒక్కరూ దొరకలేదు. ప్రతి మనిషికీ నిజం తెలుసు, ప్రతి మనిషీ పక్కమనిషి మూర్ఖుడనుకున్నాడు, మధ్యలో మా చెల్లెలి పొయ్యి ఆరిపోయింది.

ఆహార తనిఖీ ఆఫీసరు వచ్చాడు. ఉండలూ గింజలూ మూటకట్టి పరీక్షకు పట్టుకుపోయాడు. పోయే ముందు, తినేవి చేసే ఇంట్లో ఈ మందు ఎందుకమ్మా అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. మా జిల్లాలో ఈ రెండూ లేని ఇల్లు చూపించమని నేను వాదనకు దిగబోయాను. చెల్లెలు నన్ను ఆపి, మందు డబ్బా తాళం వేసే పెట్టె చూపించింది, గ్లవుజులు పూడ్చే గుంత చూపించింది, ముందు గదికీ పెరడుకూ మధ్య తలుపు చూపించింది. అతను నిలబడి అంతా రాసుకున్నాడు. ఆ వారం మొత్తంలో ఆమెను ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగిన మనిషి అతనొక్కడే.

పరీక్షలో ఏ దోషమూ లేదని కాగితం వచ్చేసరికి నెల దాటింది. దాన్ని ఫోటో తీసి ఇంటి గ్రూపులో పెట్టాను, ఊరి గ్రూపులో పెట్టాను, బడి తల్లుల గ్రూపులో పెట్టించాను. కొందరు బొటనవేలు బొమ్మ పెట్టారు. అది ఎక్కడికీ పోలేదు. పేపర్లో మూడు లైన్లు వేశారు, టెండరు ప్రకటన కింద.

అప్పుడు ఆ విలేకరి మళ్లీ వచ్చాడు. తన చానల్ పేరున్న మైకు పట్టుకుని, “అక్కా, అసలు నిజం అని ఒకటి చేస్తాం. పాపము కడుక్కుంటా” అన్నాడు. నేను గేటు దగ్గరే నిలబడి వాడిని లోపలికి రానివ్వలేదు. చెల్లెలు వెనకనుంచి, “అక్కా, నువ్వు ఊరికే ఉండు. నలుగురాడోళ్లు పని లేకుండా ఉండారు” అంది. తప్పుకున్నాను.

వాడు ఆమెను పొయ్యి ముందు కూర్చోబెట్టాడు. తాను చేసిన ఉండను తానే తినమన్నాడు. తినింది. వెలుతురు సరిగా లేదన్నాడు. జరిగి కూర్చుని మళ్లీ తినింది. మూడోసారి, “అమ్మా, కొంచెం ఏడుపు మొహం పెడితే జనాలకు ఎక్కుతాది” అన్నాడు. చెల్లెలు నమలడం ఆపి వాడి వైపు చూసింది. “ఏడ్చేది అయిపాయెప్పా. ఆ పొద్దు వచ్చింటే దొరికుండేది” అంది. అది మటుకు వాడు కత్తిరించేశాడు. ఆ వీడియోను చూసినవాళ్లు లేరు. విషం ఉందంటే చూస్తారు గానీ, ఉండ తింటున్న ఆడమనిషిని ఎవరు చూస్తారు?

బడి మళ్లీ పిలవలేదు. నలుగురిలో ఇద్దరు బెంగళూరు పనికి పోయారు. టౌనులో ఒక్క అంగడి శెట్టి మాత్రం, “నేను పుట్టినప్పటినుంచి చెనిక్కాయలే అమ్ముతాండా, నాకు నేర్పిస్తారా వీళ్లు” అని మానకుండా తీసుకుంటున్నాడు. ఇప్పుడు ఆమె పని అంతా ఆ ఒక్క అంగడి మీద నిలబడి ఉంది.

ఈ ఏడు వాన పడినప్పుడు నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. పెరట్లో గాలి ఆడేచోట చేయాల్సిన పనిని కిటికీలు మూసి, తలుపుకు గడియ పెట్టి వెనక గదిలో చేసింది. దొంగసొత్తు దాచుకున్నట్టు. మందు ఘాటుకు దగ్గుతూ, మండే కళ్లతో బయటికొచ్చి, మొదట మిద్దెల వైపు చూసింది. ఆ చూపు చూశాక నాకు ఆగలేదు. మరుసటి రోజు ముదిగుబ్బ బస్సెక్కాను.

అన్న గొర్రెల దొడ్డికి తడిక కడుతున్నాడు.

“ఏమ్మే, ఫోన్ చేయకుండా వచ్చినావే.”

“ఫోన్లో అడిగే మాట కాదన్నా.”

“దాని సంగతేనా. అది చెల్లెలి ఇల్లని నాకేం తెలుసు మ్మే. తెలిసింటే పంపుతానా?”

“వేరేవాళ్ల ఇల్లయితే పంపొచ్చా?”

తాడు ముడి బిగించాడు.

“ఆ గింజలేందో తెలుసా తెల్దా, అది చెప్పు.”

“తెలుసు.”

“మరి?”

“అందరూ పంపుతాండారు. నలుగురు జాగ్రత్తగా ఉంటారు కదా అని నేనూ పంపినా.”

“దేనితో జాగ్రత్త? విత్తనాలతోనా?”

లోపలినుంచి వదిన నవ్వింది, వెంటనే ఆపుకుంది.

“నీ నోటికి ఎవరు సమాధానం చెప్తారు మ్మే. నువ్వు కాలేజీ చదివినదానివి.”

“విత్తనాలకు మందు కలిపేది కాలేజీలో నేర్పలేదన్నా. నువ్వు నేర్పినావు.”

అన్న తడిక వైపు తిరిగి మళ్లీ తాడు అందుకున్నాడు. నేను తిరిగి వచ్చేటప్పుడు వదిన రోడ్డు దాకా వచ్చింది. బస్సు కోసం నిలబడి ఉంటే, తానే మొదలుపెట్టింది. “పోయినేడు వాన మీ చెల్లెలికీ మాకూ ఒకే దినం పడింది కదమ్మా. ఆ పొద్దు మేమూ పట్ట పరిచినాం. మీ అన్న విత్తనాలకు మందు పట్టించి లేచినాకనే ఫోన్ చూసినాడు.”

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను. విత్తిన చేలు ఇంకా మొలకెత్తలేదు, ఎర్రమట్టి బోసిగా ఉంది. మా అన్న చెడ్డవాడు కాదు. ఆ వీడియో పంపినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. అందుకే నాకు కోపం ఇంకా తగ్గలేదు. చెడ్డవాళ్లయితే ఒక తిట్టు తిట్టి ఊరుకునేదాన్ని.

అన్నా, ఆ ఉదయం నీ చేతులూ ఎర్రగా ఉన్నాయి. ఫోను ముట్టుకునే ముందు సబ్బుతో రెండుసార్లు కడుక్కునే ఉంటావు, ఆ నియమం నీదే. ఆ ఎర్రటి నీళ్లు నీ కాళ్ల దగ్గరే పారి ఉంటాయి. తర్వాత చేతులు తుడుచుకుని, ఫోను తీసుకుని, అది మాకు పంపావు. ఆ నీళ్లు చూస్తూ నిలబడినంతసేపూ నువ్వు ఏమనుకున్నావు?