గాజు పగల్లేదు

మా బావని వెంటబెట్టుకుని పెళ్లికెళ్లడమంత తలనొప్పి ఇంకోటి లేదు. అందరూ పెళ్లికూతుర్ని చూస్తుంటే ఆయన పైకప్పు చూసేవాడు. భోజనాల దగ్గర ఏ గోడ పక్కన కూర్చోవాలో ఆయన తేల్చేదాకా మా అక్క ప్లేటు చేత్తో పట్టుకుని నిలబడాల్సిందే. "నువ్వు మా ఇంటికి అల్లుడివా, మా ఇంటి గోడలకి అల్లుడివా బావా?" అని నేను ఏడిపించేవాణ్ణి.

ఆయన ఉద్యోగమే అది మరి, కట్టడాల సర్వేయరు. గోడౌన్లు, ఫ్యాక్టరీ షెడ్లు కొనేవాళ్లు, బీమా చేసేవాళ్లు ముందు ఆయన్ని పంపి చూపించుకునేవాళ్లు. చిన్న సుత్తితో నేల మీద టకటకా కొట్టుకుంటూ పోయి, ఎక్కడ గుల్లగా మోగితే అక్కడ సుద్దతో గీసేవాడు. పని వచ్చిన మనిషికి ఉండే పొగరు కూడా ఉండేది. మనుషులు ఎన్ని అబద్ధాలు చెప్పినా గోడ మాత్రం తనతో అబద్ధం చెప్పదని ఆయన నమ్మకం.

ఒక ధాన్యం గోడౌన్ ఆ నమ్మకాన్ని తీసేసింది. దాని వెనక గోడకి నిలువునా పగులు ఉండేది. అలాంటి పగులు మీద అడ్డంగా సన్నటి గాజుపట్టీ పెట్టి సిమెంటుతో అతికిస్తారు. పగులు పెరిగిందంటే గాజు పుటుక్కున విరుగుతుంది. బావ గాజు అతికించి, నెలల తరబడి వెళ్లి చూసొచ్చాడు. అది చెక్కుచెదరలేదు. గోడ బయట చిరిగిన గోనెసంచులు కుట్టే ఒకావిడ ఉండేది. ఆ గోడ నీడన కూర్చోవచ్చా అని ఆయన్ని అడిగింది.

"నిశ్చింతగా కూర్చోమ్మా. గాజు పగల్లేదు, గోడకేం కాదు" అన్నాడు బావ.

ఆ వానాకాలం వెళ్లాక ఒక మధ్యాహ్నం గోడ మొత్తం బయటికి పడిపోయింది. ఆవిడ కిందే ఉంది. శిథిలాలు తీస్తే గాజుపట్టీ అలాగే ఉంది, గీత కూడా పడలేదు. పునాది కిందకి నీళ్లు చేరి గోడంతా ఒక్కటిగా ఒరిగింది. పగులుకి అటూ ఇటూ కలిసే ఒరిగితే మధ్యలో గాజు ఎందుకు విరుగుతుంది? దారానికి గుండు కట్టి పైనుంచి వేలాడదీస్తే ఆ వాలు తెలిసిపోయేది. గాజు ఉంది కదా అని బావ దారం తీయలేదు. కొత్తవాడైతే భయానికి అన్నీ కొలిచేవాడు. ఆరితేరినవాడు కాబట్టే ఆ పొరపాటు చేశాడు.

విచారణలో తప్పంతా వాననీళ్ల కాలువ మీదకి పోయింది. బావని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఒక్కరైనా నాలుగు తిట్టుంటే బాగుపడేవాడని మా అక్క ఇప్పటికీ అంటుంది.

అప్పట్నుంచి ఆవిడ ఆయనకి కనిపించడం మొదలైంది. చీకట్లో కాదు, పట్టపగలే. ఏ షెడ్డుకి వెళ్లినా వెనక గోడ దగ్గర కూర్చుని తల వంచుకుని సంచి కుడుతూ ఉండేదట. ఆయన కారు నడపలేకపోతుంటే నేను తోడు వెళ్లేవాణ్ణి. మొదట నేను నవ్వాను. ఒకరోజు ఖాళీ సోడా ఫ్యాక్టరీలో, ఉత్త నేలని చూస్తూ, "లేమ్మా, లేచి ఇటు రా" అని బతిమాలాడు. ఇక నేను నవ్వలేదు. ఆ తర్వాత ఆయన పనికి వెళ్లడమే మానేశాడు. ఇంట్లో మంచాలన్నీ గోడలకి దూరంగా గదుల మధ్యకి లాగించాడు. అక్క వాటికి కాళ్లు తగిలించుకుని తిట్టుకునేది, కాసేపటికి తనే ఏడ్చేది.

అలా ఉండగా ఆవిడ కూతురు మా అక్కవాళ్లింటికి వచ్చింది. తల్లి పనే ఈ పిల్లా చేస్తోంది. గోడ మళ్లీ కట్టారట. వేరే సర్వేయరు చూసి బాగుందన్నాడట. అయినా ఆ నీడలోకి వెళ్దామంటే తనకి కాళ్లు రావట్లేదంది. ఎండలో కూర్చుని కుడుతూ రెండుసార్లు కళ్లు తిరిగి పడిపోయింది. ఇంకోసారి పడితే పని మాన్పిస్తామన్నారు. ఒకసారి దెబ్బతిన్న మనిషి ఇంకోసారి తప్పు చెప్పడని, మా బావే చూసి చెప్పాలని అడిగింది. బావ కుదరదన్నాడు. ఆ పిల్ల గుమ్మంలోంచి కదల్లేదు. చివరికి అక్కే ఆయన చెప్పులు తెచ్చి ముందు పెట్టింది.

దారిలో పెట్రోలు కోసం ఆగినప్పుడు బావ దిగి చెట్టుకింద నిలబడ్డాడు. కార్లో ఆ పిల్లా నేనే. వాళ్లమ్మకి ఆ గోడంటే మొదట్నుంచీ భయమేనని, ఎన్నాళ్లో గేటు దగ్గర ఎండలోనే కుట్టిందని, సర్వేయరుగారు చెప్పాకే నీడలోకి జరిగిందని చెప్పింది.

బావ ఆ గోడని ఒక పూటంతా చూశాడు. అడుగడుక్కీ దారం వేలాడదీశాడు. పునాది దగ్గర తవ్వించి చేత్తో తడిమాడు. గోడ నిటారుగా, గట్టిగా ఉంది.

"మరి కూర్చోనా అండీ?" అని అడిగింది ఆ పిల్ల.

బావ నోరు తెరిచాడు. ఆయన చూస్తున్నది ఆ పిల్లని కాదు, ఆమె పక్కన గోడ మొదట్లో నేలని. ముఖమంతా చెమట. ఆ పిల్ల ఆయన చూపు వెంట అటు చూసింది. అక్కడ ఏమీ లేదు. మళ్లీ ఆయన ముఖంలోకి చూసింది. ఆయన ఎవర్ని చూస్తున్నాడో అప్పుడు అర్థమైనట్టుంది.

"మా అమ్మ మీరు చెప్పారని కూర్చోలేదండీ" అంది నెమ్మదిగా. "మీరు రాకముందు నుంచీ అక్కడే కూర్చునేది. మిమ్మల్ని ఊరికే మర్యాదకి అడిగింది, అంతే."

ఇన్నేళ్ల నా జీవితంలో అంత నిబ్బరంగా అబద్ధం చెప్పిన మనిషిని నేను చూడలేదు. కనురెప్ప కూడా వెయ్యలేదు. బావ గోడకి చెయ్యి ఆన్చి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. చాలాసేపటికి, "కూర్చోమ్మా" అన్నాడు.

ఆయనకి ఆవిడ మళ్లీ కనిపించలేదు. మంచాలు గోడల దగ్గరికి చేరాయి. రిటైరయ్యేదాకా ఉద్యోగం చేశాడు, పోయినేడు నిద్రలోనే వెళ్లిపోయాడు. ఆ పిల్ల పుణ్యమా అని ప్రశాంతంగా పోయాడని అక్క అంటే నేను తలూపుతాను. కార్లో విన్న మాట అక్కకి చెప్పలేదు, చెప్పను కూడా.

కానీ ఇప్పుడు ఆవిడ నాకు కనిపిస్తోంది. మిట్టమధ్యాహ్నం ఏ గోడ నీడ చూసినా అందులో ఉంటుంది. నీకూ కనిపిస్తుందా అని ఆ పిల్లని అడుగుదామని మొన్న గోడౌన్ దాకా వెళ్లాను. వెనక గోడ నీడన ఒకావిడ తల వంచుకుని సంచి కుడుతోంది. అది ఆ పిల్లో, వాళ్లమ్మో నాకు తెలియలేదు. పిలవకుండానే వెనక్కి వచ్చేశాను.