పదకొండు మేకులు

దయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. సౌదీలో, దమ్మామ్ క్యాంపులో మూడో నంబరు బాత్రూములో దయ్యం ఉందని కొత్తవాళ్ళకి చెప్పి, రోజూ వరసలో నిలబడకుండా స్నానం కానిచ్చుకున్నవాణ్ణి. తయారుచేసినవాడు నమ్ముతాడా?

మాది తాళ్ళరేవు. చెక్క ఓడలు కట్టే పని. ఒకప్పుడు ఫిరంగులు మోసిన పాత తెరచాప ఓడని మ్యూజియం కోసం బాగుచేయడానికి నన్నూ, మా వీర్రాజునీ అక్కడికి తీసుకెళ్ళారు. నేను మేస్త్రీని. బయటినుంచి నేను ఓడ చెక్క పలకలోకి పొడవాటి మేకు దిగ్గొడితే, లోపల వీర్రాజు దాని మొన వంచి పలక మీద రెండు దెబ్బలు కొడతాడు. అయింది, ఇంకోటి కానివ్వమని.

నా చెవులు అప్పటికే మొరాయించాయి. దగ్గరగా వచ్చి గట్టిగా మాట్లాడితేనే వినపడేది. పలకకి అరచెయ్యి ఆనించి ఆ దెబ్బల్ని పట్టుకునేవాణ్ణి. ఆఫీసులో తెలిస్తే ఫైనల్ ఎగ్జిటే, వీసా కొట్టేసి ఇంటికి పంపేస్తారు. తెలిసినవాడు వీర్రాజు ఒక్కడే. నాకోసం గట్టిగా కొట్టేవాడు.

ఆ ఉదయం మిగతావాళ్ళంతా మెడికల్ చెకప్‌కి వెళ్ళారు. వీర్రాజు నా కళ్ళముందే నిచ్చెనెక్కి ఓడలోకి దిగాడు. నేను పని మొదలుపెట్టాను. ప్రతి మేకుకీ రెండు దెబ్బలు వచ్చాయి.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా నలభై మేకులన్నాను, గాలి లేకుండానే తెరచాప స్తంభం కిర్రుమందన్నాను. అబద్ధం. మేకులు పదకొండే. స్తంభం అప్పటికింకా నిలబెట్టనేలేదు.

పన్నెండోది అందుకుంటుంటే భుజం మీద చెయ్యి పడింది. మా గుంటూరు ఇంజనీరు గారు. వెనక వీర్రాజు, చేతిలో టీ కప్పుతో.

"మేస్త్రీ గారూ, మీకు చెవులు వినపడవంటగా? లోపల మనిషే లేడు, ఎవరికి కొడుతున్నారు?" అని ఇంజనీరు గారు గట్టిగా అడిగారు.

"జవాబు వస్తోంది కదండీ. ఏరా, నువ్వు లోపల లేవా?"

"అటేపు నుంచి దిగిపోయాను బాబాయ్. పొద్దుట్నించీ సార్ దగ్గరే ఉన్నాను" అన్నాడు వీర్రాజు గట్టిగానే, కప్పులోకి చూస్తూ. "చెప్పాను కదండీ సార్, ఊరికే కొట్టుకుంటా పోతాడని. మేస్త్రీ పని నాకిచ్చేయండి, నేను చూసుకుంటాను. ఆయ్."

ఇరవై ఏళ్ళు ఒకే గిన్నెలో వండుకు తిన్నాం.

ముగ్గురం లోపలికి దిగాం. పదకొండు మొనలూ వంచి ఉన్నాయి. మేమైతే మొనని పలక మీదికి పడుకోబెడతాం. ఇవి పక్కనున్న, ఓడ కట్టిననాటి పాత మేకుల్లాగే కొక్కెంలా తిరిగి, మళ్ళీ చెక్కలోకి దిగి ఉన్నాయి. వీర్రాజు వాటిని తడిమి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"పని బాగానే ఉంది కదయ్యా" అన్నారు ఇంజనీరు గారు అతనితో.

పని పూర్తయ్యేదాకా మేస్త్రీని నేనే. వీర్రాజు మళ్ళీ ఆ ఓడలోకి దిగలేదు. నేను అతనితో మాట్లాడలేదు. అతను నా చెవుల సంగతి ఎందుకు చెప్పాడో ఆలోచిస్తే అర్థమవుతుంది. లోపల ఉన్నదెవరో ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

ఇంకో మాట ఎవరికీ చెప్పలేదు. ఆ ఉదయం నేను పలకకి అరచెయ్యి ఆనించలేదు. ఒక చేతిలో సుత్తి, ఇంకో చేతిలో మేకు. ఆ దెబ్బలు గట్టిగా కూడా లేవు. చెవులతోనే విన్నాను.