నాగలమడిక పుండు మందుకు రెండు పయనాలు

పుండు మందుకు నాగలమడిక పోవాలనుకునేవాళ్లు ఇప్పటికీ నన్ను దారి అడుగుతుంటారు. అందుకే రాస్తున్నాను, లేకపోతే ఆ పయనం తలచుకోవడానికి నాకు మనసొప్పదు. శనక్కాయ చేలో పార తగిలి మా తమ్ముడు ఓబులేసు పాదం చీలింది. నాలుగో రోజుకు కాలు మోకాలిదాకా వాచి, ఒళ్లు కాలిపోసాగింది. నాగలమడికలో నాటువైద్యం చేసే గంగమ్మ కడిగి కట్టు కడితే కుళ్లిన పుండ్లు కూడా మానుతాయని పేరు.

పావగడలో రూపాయికి హనుమప్ప ఎద్దులబండి మాట్లాడుకుని తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం. రోగిని మందుకు తీసుకుపోయేవాడు దారిలో ఎవరితోనూ పలకకూడదని మా వైపు కట్టుబాటు. సగం దారిలో గొర్రెలు తోలుకుపోయే ముసలాయన "యాడికప్పా?" అన్నాడు. "నాగలమడికకు" అని నోరు జారాను.

హనుమప్ప బండి ఆపేశాడు. "పలికితివి గదప్పా! ఇంక మందు పారదు. ఎనక్కి పోయి రేపు రావల్ల."

"పోదాంలేన్నా, ఈడిదాకా వచ్చినాము గదా" అన్నాడు తమ్ముడు. నేను వినలేదు, బండి వెనక్కి తిప్పించాను. మైసూరు సంస్థానం బళ్లో నలుగురికి చదువు చెప్పేవాణ్ణి, ఆ రోజు నా తెలివంతా ఏ గంగలో కలిసిందో!

మర్నాడు మళ్లీ అదే వేళకు కదిలాం. నేను నోరు కుట్టేసుకుని కూర్చున్నాను. జ్వరంలో వాడే ఏదేదో మాట్లాడుతూ వచ్చాడు: ఎద్దుల గురించి, అమ్మ చేసే బొరుగుల ఉగ్గాని గురించి. ఏటి ఇసుకలో దిగుతుండగా నా చెయ్యి పట్టుకుని, "నా మీద కోపమాన్నా?" అన్నాడు. చెయ్యి నిమిరానేగానీ పలకలేదు. ఏరు దాటేసరికి వాడికి తెలివి తప్పింది.

తొమ్మిదింటికి చేరాం. గంగమ్మ వేపాకు కాచిన నీళ్లతో చీము కడిగి, పసుపు, తేనె పట్టించింది. "ఇంత ముదిరేదాకా యాడున్నారప్పా?" అంది. జరిగింది చెప్పాను. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"ఆ మాట మా నాయన పెట్టిందప్పా. దారిలో కూసోని కతలు చెప్పుకుంటా ఆలస్యం చేస్తారని, తొందరగా రావల్లని పెట్టినాడు. ఎనక్కి పొమ్మని ఆయన యాడ చెప్పినాడు?"

మూడు రోజులు ఆమె ఇంటి పంచలోనే ఉన్నాం. ఆమె పూటపూటా పుండు కడిగింది. నేను వాడి చెవిలో "కోపం లేదురా" అని చెబుతూనే ఉన్నాను. నాలుగోనాటి పొద్దున వాడు పోయాడు. ఒక్కరోజు ముందైతే బతికేవాడేమో, ఆ సంగతి గంగమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఎండెక్కితే ఏటి ఇసుకలో ఎద్దులు మొరాయిస్తాయి, ముందే దాటండి. బండిలో పడుకున్న మనిషి ఏమైనా అడిగితే మాత్రం బదులు చెప్పండి.